మహమ్మారి రోజుల్లో ఇంట్లో తుపాకీ: నిబ్బరంగా, భద్రంగా ఉండటం ఎలా

2020 మార్చిలో అమెరికాలో తుపాకీ కొనేవాళ్లమీద ఎఫ్‌బీఐ చేసే నేపథ్య తనిఖీలు 37 లక్షలు దాటాయి. మార్చి 21న ఒక్కరోజే 2 లక్షల 10 వేలు జరిగాయి. ఒక్కో తనిఖీ ఒక్కో అమ్మకం కాదు, పర్మిట్ల వ్యవహారాలూ ఇందులో కలిసి ఉంటాయి. అయినా బియ్యం బస్తాలు, టాయిలెట్ పేపరు అరల్లోంచి మాయమైన ఆ వారాల్లోనే తుపాకుల షాపుల ముందు కూడా జనం బారులు తీరారు. వాళ్లలో మొదటిసారి కొన్నవాళ్లు తక్కువేం కాదు. అదే సమయంలో చాలాచోట్ల షూటింగ్ రేంజులు, శిక్షణ తరగతులు మూతపడ్డాయి. తుపాకీ చేతికొచ్చింది, దాన్ని ఖాళీ చేయడం దగ్గరుండి చూపించే మనిషి మాత్రం దొరకలేదు.

లాక్‌డౌన్‌లో తుపాకీ ఉన్న ఇంటికి పెద్ద ముప్పు వీధిలోంచి కాదు, ఇంట్లోంచే వస్తుంది. 2020లో అమెరికాలో తుపాకీ వల్ల 45,222 మంది చనిపోతే, వారిలో 24,292 మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. బడి లేక పిల్లలు రోజంతా ఇంట్లోనే, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, నిద్ర సరిగ్గా ఉండదు, తలుపు దగ్గర రోజూ ఎవరో ఒక డెలివరీ మనిషి. అలాంటి ఇంట్లో నిబ్బరం మాటలతో రాదు. ముందే చేసిపెట్టుకున్న నాలుగు ఏర్పాట్లతో వస్తుంది.

కొనే ముందు, మీకు ఆ వీలుందా

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 లాంటి వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, ఇంకా కొన్ని చిన్న మినహాయింపులున్నాయి. వాటిమీద ఆధారపడే ముందు లాయరును అడగండి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే పోయేది తుపాకీ కాదు, వీసా. గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు మిగతా అర్హతలుంటే కొనొచ్చు. డీలరు దగ్గర చేతి తుపాకీకి 21 ఏళ్లు, రైఫిల్‌కు, షాట్‌గన్‌కు 18 ఏళ్లు ఫెడరల్ కనీస వయసు. రాష్ట్రాలు దీన్ని ఇంకా పెంచొచ్చు.

"నాకు వీసా అడ్డం, నీకు గ్రీన్‌కార్డు ఉందిగా, నీ పేరుమీద తీసివ్వు" అని స్నేహితుడు అడిగితే ఒప్పుకోవద్దు. డీలరు దగ్గర కొనేటప్పుడు నింపే ఫారం 4473లో మొదట అడిగేవాటిలో ఒకటి, అసలు కొనుగోలుదారు మీరేనా అన్నది. అక్కడ అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం. 2022లో వచ్చిన చట్టం ప్రకారం ఇంకొకరి కోసం ఇలా కొంటే 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. 2020 మార్చిలో భారత్ అంతర్జాతీయ విమానాలు ఆపేశాక, బీ-2 వీసా మీద పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు నెలల తరబడి ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పౌరుడే, తుపాకీ అతనిదే. అయినా పెట్టె తాళంచెవి, కోడ్ తల్లిదండ్రుల చేతికి అందేలా ఉంటే, అది వాళ్ల అధీనంలో ఉందన్న వాదనకు తావిచ్చినట్టే. తాళం మీ దగ్గరే పెట్టుకోండి.

సరుకుల జాబితాలో తుపాకీది చివరి వరస. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్లు, రెండు వారాలకు సరిపడా తిండి, నెలకు సరిపడా బీపీ, షుగరు మందులు, జ్వరం మాత్ర, థర్మామీటరు, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఇంట్లో ఉన్నాయో లేవో ముందు చూసుకోండి. ఇవి లేని ఇంట్లో భయం ఎక్కువ. భయం ఎక్కువున్న ఇంట్లో తుపాకీ ఉండటం మంచిది కాదు.

ఖాళీ చేయడం

ఒక్క పనే నేర్చుకునే తీరిక ఉంటే ఇది నేర్చుకోండి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో (ఒకటి పేలాక తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది) కొత్తవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే, వరస తప్పడం. ముందు స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగాన్ని, లాగుతారు. ఛాంబర్‌లోని (తూటా పేలే గదిలోని) తూటా ఎగిరి కింద పడుతుంది. "హమ్మయ్య, బయటికొచ్చేసింది" అనుకుని స్లైడ్ వదులుతారు. అది ముందుకు వెళ్తూ పిడిలో దూర్చిన తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి తోసేస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. చేతిలో మ్యాగజైన్ ఉంది, నేలమీద తూటా ఉంది, చూసేవాళ్లకూ ఖాళీ అయినట్టే ఉంటుంది. లోపల మాత్రం ఒక తూటా సిద్ధంగా ఉంటుంది. మ్యాగజైన్ తీస్తే ఇక పేలదన్నది ఇంకో అపోహ. అలా ఆగిపోయే మోడళ్లు కొన్ని ఉన్నాయి, ఎక్కువ మోడళ్లు మాత్రం పేలతాయి.

సరైన వరస ఇది. మొదట గొట్టం మూతిని ఏమీ కాని దిక్కుకు తిప్పండి. అపార్ట్‌మెంటులో ఆ దిక్కు దొరకడం కష్టం. ఇళ్లలో వాడే జిప్సం బోర్డు గోడల్ని పిస్టల్ తూటా ఒకటి తర్వాత ఒకటిగా దాటుకుంటూ పోతుంది, గోడ అవతల పక్కింటివాళ్ల మంచం ఉండొచ్చు. అందుకే 5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ నిండా పొడి ఇసుక పోసి ఒక మూల శాశ్వతంగా పెట్టుకోండి. 65–70 పౌండ్ల బరువుంటుంది కాబట్టి ఎక్కడ పెడతారో ముందే తేల్చుకోండి. తుపాకీ మూతి పైనుంచి ఇసుక మధ్యలోకి చూస్తూ ఉండాలి. వేలు ట్రిగ్గర్ దగ్గర కాదు, తుపాకీ పక్క భాగం మీద నిటారుగా ఉండాలి.

తర్వాత మ్యాగజైన్ తీసి జేబులో గానీ బల్లమీద గానీ పెట్టండి. అది పూర్తయ్యాకే స్లైడ్‌ను గట్టిగా చివరిదాకా లాగండి. తూటా ఎగిరి పడనివ్వండి. కింద పడకూడదని స్లైడ్ కిటికీకి (తూటా బయటికొచ్చే రంధ్రానికి) అరచేయి అడ్డం పెట్టి పట్టుకోవడం చాలామందికి అలవాటు. తూటా వెనక ఉండే, మందును అంటించే ప్రైమర్ లోపలి లోహపు మొనకు గుద్దుకుని చేతిలోనే పేలిన సందర్భాలున్నాయి. పడిందాన్ని తర్వాత తీసుకోవచ్చు. స్లైడ్ ఇంకో రెండుసార్లు లాగండి. లాగిన ప్రతిసారీ తూటా వస్తుంటే మ్యాగజైన్ ఇంకా లోపలే ఉందన్నమాట, మళ్లీ మొదటికి వెళ్లండి. ఏమీ రాకపోతే స్లైడ్‌ను వెనక్కి లాక్ చేసి వెలుతురులో ఛాంబర్ లోపలికి చూడండి, చిటికెన వేలితో తడమండి, మ్యాగజైన్ దూరే రంధ్రాన్ని కూడా చూడండి. ఒకసారి తల పక్కకు తిప్పి, మళ్లీ చూడండి. అలసటగా ఉన్నప్పుడు కన్ను తను చూడాలనుకున్నదే చూస్తుంది, రెండోసారి చూడమనేది అందుకే.

రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి, మూతి పైకెత్తి, కడ్డీని గట్టిగా నొక్కి, పడినవాటిని లెక్కపెట్టండి. అయిదు గదులుంటే అయిదు, ఆరుంటే ఆరు. పంప్ షాట్‌గన్‌లో ఛాంబర్ ఖాళీ అయినా కింది గొట్టంలో తూటాలు ఉండిపోతాయి, అక్కడా వేలు పెట్టి చూడాలి.

రోజూ పొద్దున తీసి రాత్రి నింపేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కిస్తే దాని సీసపు ముక్క మెల్లగా లోహపు తొడుగు (కేసు)లోకి దిగబడుతుంది. లోపల చోటు తగ్గి, పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చండి. కొంచెం పొట్టిగా కనిపించినా దాన్ని పక్కన పడేయండి.

ఎక్కడ, ఎలా దాచాలి

పరుపు కింద, బీరువా పైన, చీరల మడతల మధ్య దాచితే దాచినట్టు కాదు. ఇల్లు కదలకుండా ఉన్న పిల్లలు వారం తిరక్కుండానే ప్రతి మూలా వెతికేస్తారు. దీపావళి మిఠాయిలు ఎక్కడున్నాయో కనిపెట్టినట్టే ఇదీ కనిపెడతారు.

లైసెన్సున్న డీలరు చేతి తుపాకీ అమ్మితే దానితోపాటు తాళం గానీ భద్రపరిచే సాధనం గానీ ఇవ్వాలని 2005లో వచ్చిన ఫెడరల్ చట్టం చెబుతోంది. ఎక్కువగా వచ్చేది కేబుల్ లాక్. కేబుల్‌ను స్లైడ్ కిటికీలోంచి దూర్చి మ్యాగజైన్ రంధ్రంలోంచి బయటికి తీసి తాళం వేయాలి, అప్పుడు స్లైడ్ మూసుకోదు, తూటా ఎక్కదు. ట్రిగ్గర్ చుట్టూ చుట్టి వదిలేయడం పనికిరాదు. తాళం పోయిందా, ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కార్యక్రమం స్థానిక పోలీసు శాఖల ద్వారా ఉచితంగా ఇస్తుంది.

దీనికంటే మెరుగైనది ఉక్కు లాక్‌బాక్స్. చిన్న పెట్టె కాబట్టి దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు, అందుకే మంచం చట్రానికో గోడ దూలానికో బోల్టులతో బిగించండి. వేలిముద్ర తాళం కొనాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. రోజుకు ఇరవైసార్లు సబ్బు, శానిటైజరు వాడి పగిలిన వేళ్లను, తడి వేళ్లను అది తరచూ గుర్తించదు, గ్లవ్స్ మీద అసలే పనిచేయదు. బటన్ల తాళం నయం. కోడ్‌గా పిల్లల పుట్టినరోజు, ఇంటి నంబరు పెట్టొద్దు. వాడే నాలుగు బటన్ల మీదే జిడ్డు మరకలు పడతాయి, కాబట్టి అన్నిటినీ తుడుస్తుండండి. బ్యాటరీ ఏడాదికోసారి మార్చండి. అదనపు తాళంచెవి అదే గదిలో సొరుగులో పెడితే పెట్టెకు తాళం లేనట్టే.

తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంచండి. చల్లగా, పొడిగా ఉండే చోట, వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉంచాలి, గ్యారేజీ అటక మీద కాదు. అట్టపెట్టెలు పారేసి అన్నీ ఒక డబ్బాలో కలిపితే ఒక ఘోరం జరగొచ్చు. 20 గేజ్ షాట్‌గన్ తూటా (గేజ్ సంఖ్య పెద్దదైతే తూటా సన్నం) 12 గేజ్ తుపాకీ ఛాంబర్‌లోంచి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనకనుంచి 12 గేజ్ తూటా వేసి కాలిస్తే గొట్టం చేతిలోనే చీలిపోతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది ఇందుకే. ఎన్ని తూటాలు కావాలన్న ప్రశ్నకు మా సమాధానం: రక్షణ కోసం 50, సాధనకు ఓ రెండు మూడు వందలు. 2020లో సాధారణ 9 ఎంఎం పిస్టల్ తూటా కూడా దొరకని పరిస్థితి వచ్చిందంటే, అవసరానికి మించి కొని పోగేసినవాళ్ల వల్ల కూడా.

పిల్లలకు మూడు మాటలు నేర్పండి: ముట్టుకోవద్దు, అక్కడినుంచి వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు. నేర్పాం కదా అని తాళం మానేయొద్దు. చెప్పిన మాట తెలిసిన పిల్లవాడు కూడా ఒంటరిగా దొరికినప్పుడు ముట్టుకుంటాడు.

రేంజి మూతపడితే సాధన

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన ఇంట్లో చేయొచ్చు. ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాధన మధ్యలో కాదు, అయిపోయాక. "ఇంకొక్కసారి" అని మళ్లీ తీస్తారు, ఆలోపు దాంట్లో తూటాలు నింపేసి ఉంటారు. అందుకని తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు మూయండి. పైన చెప్పినట్టు ఖాళీ చేసి రెండుసార్లు చూడండి. లక్ష్యం కాగితం వెనక ఇటుక గోడో బేస్‌మెంటు కాంక్రీటు గోడో ఉండాలి. ఫోన్ సైలెంటులో పెట్టండి. పది నిమిషాలు చాలు, అంతకంటే ఎక్కువైతే శ్రద్ధ జారుతుంది. అయ్యాక "సాధన అయిపోయింది" అని పైకి అనండి, కాగితం పీకేయండి, తుపాకీని తాళంలో పెట్టండి. .22 రిమ్‌ఫైర్ తుపాకులను (తూటా అంచుమీద కొట్టి పేల్చేవి) నకిలీ తూటా లేకుండా ఇలా నొక్కితే తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకు తగిలి రెండూ పాడవుతాయి.

బ్లీచ్ దగ్గరికి రానివ్వొద్దు

వైరస్ భయంతో కొందరు తుపాకీని బ్లీచ్‌తో తుడిచారు. క్లోరిన్ ఉక్కును తింటుంది, స్టెయిన్‌లెస్ మీద కూడా గుంటలు పడతాయి. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. గొట్టంలోని రాగి మురికి కరిగించే ద్రావకాల్లో చాలావాటిలో అమోనియా ఉంటుంది. బ్లీచ్, అమోనియా కలిస్తే క్లోరమైన్ వాయువులు పుడతాయి. తలుపులు మూసిన చిన్న గదిలో అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఇప్పటికే దగ్గుతో ఉన్న మనిషికి అది ప్రాణాపాయం. తుపాకీ వేరొకరి చేతుల్లోంచి వచ్చిందనిపిస్తే ఖాళీ చేసి, సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పైపైన తుడిచి, వెంటనే ఆరబెట్టి, పలచగా నూనె రాయండి. ఆల్కహాలు వాడినా పరవాలేదు, కాకపోతే అది నూనె పొరను లాగేస్తుంది, మళ్లీ నూనె తప్పనిసరి.

శుభ్రం చేసేటప్పుడే పేలిన తుపాకులు ఎన్నో. విడదీయడానికి ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిన పిస్టళ్లు చాలా ఉన్నాయి. గ్లాక్ అందులో ఒకటి. ఆ ట్రిగ్గర్‌ను కూడా ఇసుక బకెట్‌లోకి చూపిస్తూనే నొక్కండి.

కాల్చాక, శుభ్రం చేశాక చేతులమీద సీసం మిగులుతుంది. శానిటైజరు క్రిముల్ని చంపుతుంది గానీ సీసాన్ని తీసేయదు. చల్లనీళ్లు, సబ్బుతో కడుక్కున్నాకే మాస్కు సర్దుకోండి, ముఖం ముట్టుకోండి.

రాత్రి చప్పుడైతే

లాక్‌డౌన్‌లో అపరిచితుడు గుమ్మం దగ్గర ఉండటం మామూలు సంగతి. పార్సెల్ తెచ్చినవాడు, తప్పు ఇంటికి వచ్చినవాడు, ఆస్పత్రిలో నర్సుగా చేసి రాత్రి రెండింటికి గ్యారేజీలోంచి వచ్చి అక్కడే బట్టలు మార్చుకుంటున్న మీ భార్యే కావచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో తెలిసేదాకా తుపాకీ ఎత్తకండి. వేళకాని వేళ వచ్చేవాళ్లు లోపలికి అడుగుపెడుతూ పిలవాల్సిన ఒక మాట పెట్టుకోండి. అది తెలుగులో ఉంటే ఇంకా మంచిది. టార్చిలైటు విడిగా ఉండాలి. తుపాకీకి బిగించిన లైటుతో వెతికితే మీ పిల్లవాడి మీదకే తుపాకీ గురిపెట్టినట్టు అవుతుంది.

అందరూ ఒక గదిలో చేరి, తలుపు గడియపెట్టి, 911కి ఫోన్ చేయండి. ఇల్లంతా వెతుక్కుంటూ వెళ్లొద్దు. మొదట చిరునామా చెప్పండి, లైను తెగినా వాళ్లు వస్తారు. తర్వాత ఏం జరుగుతోంది, లోపల ఎంతమంది, ఏ గదిలో ఉన్నారు, మీ దగ్గర తుపాకీ ఉందా, మీరు వేసుకున్న బట్టల రంగు ఏమిటి, ఇంట్లో కోవిడ్ రోగి ఉన్నారా అన్నవి చెప్పండి. లైను పెట్టేయకండి. పోలీసులు లోపలికొచ్చేటప్పటికి తుపాకీ చేతిలో ఉండకూడదు. వాళ్లకు ఇంటి యజమానికీ దొంగకూ తేడా తెలియదు.

చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అన్నిచోట్లా మూలసూత్రం ఒక్కటే: ప్రాణానికో తీవ్ర గాయానికో అప్పటికప్పుడు ముప్పు ఉందని సహేతుకంగా నమ్మాల్సిన పరిస్థితి ఉండాలి. మాస్కు పెట్టుకోని మనిషి, ఆరడుగుల దూరం పాటించని మనిషి, వరండాలో పార్సెల్ ఎత్తుకెళ్తున్న మనిషి ఆ కోవలోకి రారు. వాళ్లను బెదిరించడానికి చొక్కా ఎత్తి నడుముకున్న తుపాకీ చూపించినా చాలా రాష్ట్రాల్లో నేరమే. షాపులో వాదన మొదలైతే సరుకుల బండి అక్కడే వదిలేసి బయటికి నడవండి. మీ దగ్గర తుపాకీ ఉన్నప్పుడు అవతలివాడికంటే ముందు తగ్గాల్సింది మీరే.

గాయమైతే

ఆస్పత్రులు నిండి ఉన్నప్పుడు అంబులెన్సు ఆలస్యం కావచ్చు. టోర్నికే (రక్తం ఆపడానికి కడ్డీ తిప్పి బిగించే పట్టీ) ఒకటి, గాజుగుడ్డ రెండు ప్యాకెట్లు తుపాకీ ఉన్న గదిలోనే పెట్టండి. చేతికో కాలికో రక్తం ధారగా పోతుంటే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా టోర్నికే కట్టి, రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పి, వేసిన సమయం దానిమీద రాయండి. నొప్పి విపరీతంగా ఉంటుంది, అలాగని వదులు చేయకూడదు. గజ్జలో, చంకలో, భుజం మీద అయితే గాజుగుడ్డను గాయంలోకి కూరి బలంకొద్దీ నొక్కిపట్టండి.

తాళం ఎప్పుడు ఇంకొకరికి ఇవ్వాలి

ఇది మొదటి రోజే తేల్చుకోవాల్సిన విషయం. కోవిడ్‌తో జ్వరం పెరిగి, ఆక్సిజన్ తగ్గినప్పుడు మనిషి తికమకపడతాడు, సొంత ఇంటివాళ్లనే గుర్తుపట్టకపోవచ్చు. పాజిటివ్ వచ్చి వేరే గదికి వెళ్తున్నారంటే పెట్టె తాళం చట్టప్రకారం అర్హత ఉన్న ఇంకొకరి చేతికి వెళ్లాలి, తుపాకీ ఆ గదిలో ఉండకూడదు. ఆ తుపాకీ మనిషి ఆస్పత్రిలో చేరి ఇంట్లో అర్హులెవరూ లేకపోతే తుపాకీ ఎక్కడికి వెళ్లాలో కూడా రాసిపెట్టుకోండి. కొన్ని రాష్ట్రాల్లో తాత్కాలికంగా ఇవ్వడానికి కూడా నేపథ్య తనిఖీ కావాలి. కొందరు డీలర్లు, కొన్ని పోలీసు శాఖలు కొంతకాలం దాచిపెడతాయి. ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

జ్వరం లేకపోయినా చూడాల్సిన గుర్తులున్నాయి. ఇంట్లో ఒకరికి ఉద్యోగం పోయింది, వీసా గడువు దగ్గరపడింది, ఊళ్లో నాన్న పోతే కడచూపుకు కూడా వెళ్లలేకపోయాడు. రాత్రుళ్లు ఒక్కడే కూర్చుంటున్నాడు, తాగుడు ఎక్కువైంది, తన వస్తువులు పంచేస్తున్నాడు, "నేను లేకపోతే మీకే బాగుంటుంది" అంటున్నాడు. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆత్మహత్య ఆలోచనకూ ప్రయత్నానికీ మధ్య చాలాసార్లు నిమిషాలే ఉంటాయి, తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో పదింట దాదాపు తొమ్మిది ప్రాణం తీస్తాయి. ఆ నిమిషాల్లో తుపాకీ అందకపోతే ఎక్కువమంది బతుకుతారు. మెత్తగా, సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అడిగినప్పుడే చాలామంది చెప్పుకుంటారు. "కొన్నాళ్లు ఇది నా దగ్గర ఉంచుతాను, నువ్వు తేరుకున్నాక తీసుకో" అనండి. ఆత్మహత్య ఆలోచనలున్నవారికి సాయంచేసే 988 నంబరుకు పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు, ఇంగ్లిషులో చెప్పుకోలేకపోతే దుబాసీని కలపమని అడగొచ్చు. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి, లాక్‌బాక్స్ మూత లోపల కూడా.